అమ్మో మాస్టారు

అమ్మో మాస్టారికి భయం. ఫలానా దానికని కాదు, అన్నిటికీ. లిఫ్టంటే భయం. కుక్కంటే భయం. కుక్క కనబడని గేటంటే ఇంకా భయం, అది ఎక్కడ పొంచి ఉందో తెలీదు కాబట్టి. పెద్ద పెద్ద ఆఫీసుల్లో ముందు గదిలో కూర్చుని "ఎవరు కావాలండీ?" అని అడిగేవాళ్లంటే ఒళ్లంతా చెమటలు. తల నెరిసేదాకా ఫొటో స్టూడియో నడిపిన మనిషి, తన ఫ్లాష్ తనే వెలిగించి "అమ్మో!" అని గుండె పట్టుకునేవారు. ఆ వీధిలో ఆయన అసలు పేరు ఎవరికీ గుర్తు లేకపోవడంలో వింతేం లేదు.

ఆ అమ్మాయి ఆయన్ని మొదటిసారి చూసింది స్టూడియో అద్దాల తలుపు బయట. అప్పుడే ఊరి నుంచి బస్సు దిగింది. మెడలో కెమెరా, భుజాన బ్యాగు. పనికి మనిషి కావాలని తలుపు మీద అంటించిన కాగితాన్ని చదివిందే చదువుతోంది కానీ తలుపు తొయ్యడానికి చెయ్యి లేవడం లేదు. తన మాట తీరు చూసి నవ్వుతారేమో, చెప్పుల వంక చూస్తారేమో, ఇంత పట్నంలో నువ్వెవరని అడుగుతారేమో. పక్కనే ఒక తల నెరిసిన పెద్దాయన ఆమెకంటే ఎక్కువ వణుకుతూ నిలబడి ఉన్నారు.

"లోపలికేనా అమ్మా?"

"అవునండీ."

"నేనూ లోపలికే. ఈ అద్దాల తలుపులంటే నాకు చచ్చేంత భయం. ముందు నువ్వెళ్తావా?"

పెద్దాయన అంతగా అడిగాక కాదంటే బాగుండదని ఆమె తలుపు తోసింది. ఆయన వెనకే వచ్చి, తిన్నగా వెళ్లి ఓనరు కుర్చీలో కూర్చుని, "ఆఁ, ఇప్పుడు చెప్పు. ఏం పని మీద వచ్చావు?" అన్నారు.

అలా పనిలో చేరింది. కెమెరా చూసి గుక్కపెట్టే పిల్లలు వస్తే మాస్టారు స్టూలు వెనక దాక్కుని, "ఒరేయ్, అది నన్నే చూస్తోందా? కాస్త చూసి చెప్పరా" అనేవారు. పిల్లవాడు ఏడుపు ఆపి, కెమెరా కళ్లలోకి కళ్లు పెట్టి చూసి, "లేదు తాతా, బయటికి రా" అనేవాడు. ఆ క్షణంలో అమ్మాయి బటన్ నొక్కేసేది. ఇదంతా మాస్టారి పిరికితనం పుణ్యాన దొరికిన అదృష్టమనుకునేది.

ఒకసారి ఎవరో కంపెనీవాళ్లు ఫొటోలకి పిలిచారు. ఆఫీసు ఎక్కడో ఆకాశంలో ఉంది. లిఫ్టు ముందు మాస్టారి కాళ్లు నేలకి అతుక్కుపోయాయి.

"తీగ తెగితే?"

"తెగదు మాస్టారూ."

"నువ్వు చూశావా తీగని?"

ఆమె తీగనే కాదు, లిఫ్టునీ సరిగ్గా చూడలేదు. వాళ్ల ఊళ్లో అన్నిటికంటే ఎత్తైనది రెండంతస్తుల బస్సు డిపో. ఆమెకీ ఎక్కాలని లేదు. కానీ ఓ ముసలాయన కళ్లు మూసుకుని తన బ్యాగు పట్టీ పట్టుకు వేలాడుతుంటే ఎవరో ఒకరు బటన్ నొక్కాలి కదా. పైకెళ్లాక ముందు గదిలో ఆవిడతో కూడా ఆమే మాట్లాడాల్సి వచ్చింది.

"నేనడిగితే ఆవిడ తిడుతుంది" అన్నారు మాస్టారు.

"ఎందుకు తిడుతుంది?"

"కారణం తెలిస్తే ఇంక భయమెందుకమ్మా, సర్దుకుపోయేవాణ్ణి."

సాయంత్రాలు తండ్రి ఫోన్ చేసేవాడు. ఆయన బస్సు డ్రైవరు. "ఏం తల్లీ, మీ మాస్టారు బతికే ఉన్నాడా?"

"ఉన్నారు నాన్నా. ఇవాళ ఎస్కలేటర్ చూసి, 'అమ్మో, మెట్లు పరిగెడుతున్నాయి' అన్నారు."

"ఆయన్ని నా బస్సు మాత్రం ఎక్కించకు. మలుపు మలుపుకీ అరిస్తే నా ప్యాసింజర్లు దిగిపోతారు."

ఇద్దరూ కడుపుబ్బ నవ్వుకునేవాళ్లు. తనకీ భయంగా ఉందని మాత్రం ఆమె ఏనాడూ చెప్పలేదు.

లిఫ్టుల భయం మెల్లగా పోయింది. పోనిది వేరే ఉంది. ఊళ్లో ఆమె 'ఫొటోల పిల్ల'. ఇక్కడ ఏ వీధి మలుపులో చూసినా ఒక ఫొటోల పిల్ల, ఒక ఫొటోల పిల్లాడు. అందరూ అవే అద్దాల మేడలు, అవే వంతెనలు తీస్తున్నారు. ఆమె కూడా అవే తీసింది, అచ్చం వాళ్లలాగే తీసింది. రాత్రి పడుకునే ముందు చూసుకుంటే అవి తను తీసినవో మరొకరివో తనకే తెలిసేది కాదు. అప్పుడు నిజంగా భయం వేసేది.

అంతలో ఒక గ్యాలరీవాళ్లు కొత్తవాళ్ల ఫొటోలతో ప్రదర్శన పెడుతున్నారని తెలిసింది. ప్రింట్లు పట్టుకుని స్వయంగా రావాలి, అక్కడి మేడమ్ చూసి ఎంచుతారు. ఎంచకపోతే ఊరికి వెళ్లిపోవాలని ఆమె తీర్మానించుకుంది. డిపోలో గుర్తింపు కార్డులకి ఫొటోలు తీసే పని ఉంది. అది తప్పు పని కాదు. కానీ ఒకసారి ఓడి వెళ్తే ఇంకెప్పుడూ కార్డులకి తప్ప కెమెరా ఎత్తలేనని ఆమెకి గట్టిగా అనిపించింది.

ప్రింట్లన్నీ స్టూడియో బల్ల మీద పరిచి మాస్టారికి చూపించింది. అదే పొరపాటైంది.

"అమ్మో! ఇంత ఎత్తా? కళ్లు తిరుగుతున్నాయి, తీసెయ్." రెండోది చూసి, "ఈ వంతెన మీద ఒక్క పురుగూ లేదేంటి? మనుషులంతా ఏమైపోయారు? తీసెయ్, తీసెయ్." మూడోది చూసి కుర్చీలోంచి లేచిపోయారు. "ఇంత పెద్ద అద్దంలో ఫొటో తీసినదానివి నువ్వెక్కడా కనబడవేం? అమ్మో, దెయ్యం పని!"

బల్ల ఖాళీ అయింది. ప్రింట్లు తెచ్చిన పెట్టె అడుగున పాత తువ్వాలులో చుట్టినవి మాత్రం మిగిలాయి. వద్దంటున్నా మాస్టారు విప్పారు. అవి ఊరివి. ఆ ఊళ్లో బస్సులు పది నిమిషాలు ఆగి వెళ్లిపోతాయి. ఆ పది నిమిషాలూ కిటికీల్లోంచి ఊరిని చూస్తూ, దిగకుండా కూర్చున్నవాళ్ల ముఖాలు. కిటికీ ఊచలకి చెంప ఆనించిన ఒక ఆవిడ. నోట్లో చొక్కా గుండీ పెట్టుకుని చూస్తున్న పసివాడు. చదువుకునే రోజుల నుంచీ తీసినవి. ఎవరైనా ఇది ఏ ఊరని అడిగితే, చెప్పినా తెలియని పేరు చెప్పాలని సిగ్గుపడి అడుగున దాచింది.

"ఈవిడ ఎటు వెళ్తోందమ్మా?"

"ఏమో. బస్సు కదిలింది, వెళ్లిపోయింది. వీటికి భయం వెయ్యదా మీకు?"

"ఆగి ఉన్న బస్సేగా" అన్నారు మాస్టారు ముక్కు తుడుచుకుంటూ. "ఇవి పట్టుకెళ్లు."

ఆమెకి ఒళ్లు మండిపోయింది. "మీ భయాలకి నా బతుకు సర్దుకోవాలా? ఈ పట్నంలో ఇన్నేళ్లుండి ఒక్క తలుపు మీరు తియ్యలేదు! నేనూ మీలాగే అయిపోతానేమోనని హడలి చస్తున్నాను!"

మాస్టారు ఆ ఫొటోల్ని మళ్లీ తువ్వాలులో చుట్టి ఆమె చేతికిచ్చారు. ఈసారి అమ్మో అనలేదు.

మర్నాడు పొద్దున్నే క్షమించమని అడగాలని వచ్చింది. వీధి మలుపులోనే ఆగిపోయింది. మూడో అంతస్తు పిట్టగోడ మీద ఒక కాలు, నిచ్చెన మీద ఒక కాలు వేసి, ఈల వేసుకుంటూ మాస్టారు స్టూడియో బోర్డుకి బల్బు మారుస్తున్నారు. మధ్యమధ్య కిందనున్న వీధికుక్కకి బిస్కెట్లు విసురుతున్నారు.

"అత్తా, మాస్టారు పడిపోతారు!" అని స్టూడియో ఎదురుగా టీ కొట్టు నడిపే అత్త చేతిని పట్టుకుంది.

"ఎవరు, ఆయనా? ప్రతి నెలా ఎక్కుతారుగా."

"మరి భయం?"

"అది కొత్తగా ఎవరైనా పనిలో చేరితే వస్తుందే పిల్లా. నీకు ముందొక అబ్బాయి ఉండేవాడు, నోట్లోంచి మాట పెగిలేది కాదు. అప్పుడు మీ మాస్టారికి టెలిఫోనంటే భయం. వాడు గొంతు పెంచుకుని సొంత స్టూడియో పెట్టుకున్నాడు, మర్నాటికి ఈయనకి నయమైపోయింది. నీ దగ్గరే ఎన్నాళ్లకీ తగ్గడం లేదు. వీధంతా కంగారు పడుతున్నాం."

ఆమెకి నవ్వొచ్చింది, నిన్నటి మాటలు గుర్తొచ్చి సిగ్గేసింది. ఇన్నాళ్లూ ఆయనకి ధైర్యం చెబుతున్నాననుకుంది. చెప్పిన ధైర్యం అంతా తన దగ్గరే ఉండిపోయిందన్నమాట. గొంతు సవరించుకుని గట్టిగా దగ్గింది. మాస్టారు కిందకి చూసి, ఒక్క ఉదుటున బోర్డు స్తంభాన్ని కావలించుకున్నారు.

"అమ్మో! నన్నెవరు ఎక్కించారిక్కడికి?"

"కదలకండి మాస్టారూ, నేనొస్తున్నా!"

ఆమె ఆయన గుట్టు బయటపెట్టలేదు. పైకెళ్లి, చెయ్యి పట్టుకుని మెట్టు మెట్టూ దింపింది. సగం దిగాక, "బస్సులే పట్టుకెళ్తాను మాస్టారూ. నాకు చాలా భయంగా ఉంది" అంది. పట్నం వచ్చాక ఆ మాట పైకి అనడం అదే మొదలు.

"ఉంటుందమ్మా" అన్నారు మాస్టారు మామూలు గొంతుతో.

గ్యాలరీ మేడమ్ ప్రింట్లు ఒక్కొక్కటే తిప్పింది. చివరికి ఆవిడ కళ్లద్దాలు తీసి, "ఏ ఊరమ్మా ఇది?" అంది.

ఆమె ఊరి పేరు తడబడకుండానే చెప్పింది.

"చదువుకునేటప్పుడు ఆ దారినే వెళ్లేదాన్ని. ఒక్కసారీ దిగలేదు" అని మేడమ్ మళ్లీ మొదటి నుంచి చూడసాగింది. "పట్నానివి ఏమీ తియ్యలేదా?"

"తీశానండీ. మా మాస్టారికి భయమేసిందని తేలేదు."

మేడమ్ పక్కున నవ్వి, బస్సులన్నీ తన దగ్గరే ఉంచుకుంది.

ప్రదర్శన మొదలైన రోజు తండ్రి డ్యూటీ దిగి తిన్నగా వచ్చాడు. గ్యాలరీ మెట్ల దగ్గరే ఆగిపోయాడు. ఇరుకు మలుపుల్లో నిండు బస్సుని ఒంటిచేత్తో తిప్పే మనిషి, టిఫిను సంచి రెండు చేతులా పట్టుకుని నిలబడ్డాడు.

"నేనిక్కడే ఉంటాలే తల్లీ. లోపలంతా పెద్దవాళ్లు. ఈ చొక్కాతో ఏం బాగుంటుంది? నువ్వెళ్లు."

ఆమె తండ్రి ముఖం చూసింది. ఆ గుబులు ఆమెకి బాగా తెలిసినదే. గబుక్కున ఆయన మోచెయ్యి పట్టుకుంది.

"ఒక్క తెలిసిన మొహం లేదు నాన్నా లోపల. కాళ్లు వణికిపోతున్నాయి. నన్నిలా వదిలేస్తే నేనసలు వెళ్లనే వెళ్లను."

"అదేంటే! నేనుండగా నీకు భయమేంటి?" తండ్రి కాలరు సర్దుకుని, సంచి చంకన పెట్టుకుని, తలుపు ఒక్క తోపు తోసి లోపలికి నడిచాడు. ప్రదర్శన చూడ్డానికొచ్చి మెట్ల మీదే నిలబడ్డ మాస్టారు ఎటో చూస్తూ నవ్వాపుకోలేక నానా తంటాలు పడుతున్నారు. ఆమె తండ్రి వెనకే వెళ్లింది. కాళ్లు నిక్షేపంగా ఉన్నాయి.