చెడిపొమ్మని బతిమాలుతూ కుప్పం దాకా

మదనపల్లె నుంచి కుప్పం పోవడానికి పుంగనూరు, పలమనేరు, వి.కోట మీదుగా బస్సులున్నాయి. కిటికీ పక్కన సీటు దొరికితే ఒక నిద్ర తీసి లేచేసరికి ఊరొచ్చేస్తుంది. బుద్ధి ఉన్నవాళ్ళందరూ అలాగే వెళ్తారు. నేను మాత్రం పోయిన నెలలో ఒక ఆదివారం, డెబ్బైల నాటి రెండు సైలెన్సర్ల మోటారుసైకిలు మీద వెళ్ళాను. ఎందుకు వెళ్ళానో చెబితే నా తెలివి ఏపాటిదో మీకు తెలిసిపోతుంది. అయినా చెప్పక తప్పదు.

ఆ బండి మా మామ దేవదానం గారిది. ఆయన పుంగనూరులో మిషన్ ఆసుపత్రి కాంపౌండరుగా ఉన్న రోజుల్లో మందుల పెట్టె వెనక కట్టుకుని దాని మీదే పల్లెలు తిరిగారు. రిటైరై సొంతూరు కుప్పం చేరాక బండి పశువుల కొట్టంలోకి పోయింది, దాని సీటు మీద కోళ్ళు పొదగడం మొదలుపెట్టాయి. మూడేళ్ళ కిందట అది చూసి నాకు ఆవేశం వచ్చింది. "నేను బాగుచేస్తాను మామా" అని టెంపోలో ఎక్కించుకుని మదనపల్లె తెచ్చుకున్నాను. నేను టమోటా మండీలో గుమాస్తాను. ఇంజన్ల గురించి నాకు తెలిసిందల్లా ఫోనులో చూసిన వీడియోలే.

ఆ మూడేళ్ళూ మా ఇంటి హాలు హాలులా లేదు. సోఫా మీద చక్రాలు, టీవీ కింద గేరుబాక్సు. ఇంజను కేసును వేడి చేసి, బేరింగును చల్లబరిస్తే రెండూ సుళువుగా కూర్చుంటాయని ఎవరో వీడియోలో చెప్పాడు. కేసును ఇడ్లీ పాత్రలో పెట్టి ఆవిరి పట్టించాను. బేరింగు రెండు రోజులు ఫ్రిజ్‌లో మీగడ గిన్నె పక్కన ఉంది. పెట్రోలు ట్యాంకులో తుప్పు వదలడానికి కంకర పోసి వీధిలో నిలబడి ఊపుతుంటే, ఎదురింటివాళ్ళు నాకు ఒంట్లో బాగాలేదేమోనని మా ఆవిడ ఎస్తేరును పక్కకు పిలిచి అడిగారట. అంతటితో ఊరుకోకుండా కొత్త ఫ్యాషనుగా ఉండాలని వెనక సీటు కోసేసి, ఒక్క మనిషి కూర్చునే సీటు కుట్టించాను. పెళ్ళాన్ని ఎక్కించుకోవడానికి చోటు లేని బండిని ఇంత కష్టపడి తయారుచేసినవాడు మా వీధిలో నేనొక్కడినే.

చివరికి ఒకనాడు అది స్టార్టయింది. వీధంతా నీలం పొగ. నేను మీసం మీద చేయి వేసుకుని వీడియో తీయించుకుని చుట్టాల గ్రూపులో పెట్టాను. నా కొంప ముంచింది ఆ వీడియోనే.

కుప్పంలో మా మామ పొలంలో బోరు ఎండిపోయింది. కొత్త బోరు వేయాలి. మా బావమరిది శామ్యూలు ఆ వీడియోను బెంగుళూరులో పాత బండ్లు కొనే ఒక ఆసామికి చూపించాడు. అతను ఆదివారం కుప్పం వచ్చి చూసి, నడిస్తే అక్కడికక్కడే తీసుకుపోతానన్నాడు. మామ నాకు ఫోన్ చేసి తీర్పు చెప్పేశారు. "నడిస్తే అమ్మేస్తామప్పా. నడవకపోతే ఆ ఇనుముని నువ్వే పెట్టుకో అల్లుడా, ఇంగెవురూ అడగరు."

అంటే మూడేళ్ళు కష్టపడి నడిపించినందుకు బండి పోతుంది, నడిపించలేకపోయి ఉంటే నాకే మిగిలేది. ఈ సంగతి అర్థమైన రాత్రి నాకు అన్నం దిగలేదు.

ఎస్తేరు తేలిగ్గా తీసిపారేసింది. "నడవలేదని చెప్పెయ్యి. నీకేమన్నా కొత్త మాటనా? మూడేండ్లుగా చెప్తానే ఉండావు గదా."

నాతో వేళాకోళం ఆడుతోందనుకున్నాను. హాలు ఖాళీ అవుతుందని లోలోపల సంతోషిస్తోందని కూడా అనుకున్నాను. నా చేత్తో బిగించిన బండిని నడవదని నా నోటితో ఎలా చెప్పను? అందుకని ఒక ఉపాయం ఆలోచించాను. ఈ బండి ఇంతవరకు మా సందు చివర దాటి పోలేదు. కుప్పం దాకా వెళ్ళేలోపు ఎక్కడో ఒకచోట ఆగిపోకుండా ఉండదు. ఆగినచోట టెంపో మాట్లాడుకుని, మోసుకుపోయి మామ ముందు దించేస్తాను. అబద్ధం ఆడినట్టూ ఉండదు, బండి నాకే మిగులుతుంది.

ఎస్తేరు శనివారమే బస్సులో పుట్టింటికి వెళ్ళిపోయింది. నేను ఆదివారం తెల్లవారి ఐదున్నరకు బయలుదేరాను. ఈ దారిన పాత టూ-స్ట్రోక్ బండి మీద రాదలచుకున్నవాళ్ళు పెట్రోలులో కలిపే ఆయిల్ ఒక సీసా, ఒక స్పేర్ ప్లగ్గు, చేతులు తుడుచుకోవడానికి పాత పంచె దగ్గర పెట్టుకోండి. నేను ప్లగ్గును కావాలనే ఇంట్లో వదిలేశాను.

ఆ వేళకు రోడ్డు నిండా టమోటా లారీలే. వాటి పక్కన నా బండి పొగ వదులుతూ, దడదడమంటూ పరుగెత్తింది. మొదటి ఎత్తు దగ్గర ఆగుతుందనుకున్నాను, ఆగలేదు. పుంగనూరు చేరేసరికి ఇంకా ఏడు కాలేదు. బస్టాండు దగ్గర ఒక చిన్న హోటల్లో రెండు దోసెలు, ఒక టీ. దోసె మీద వాళ్ళు రాసే ఎర్రకారం కోసమైనా ఆ ఊళ్ళో దిగాలి. తిని వచ్చేసరికి బండి చుట్టూ నలుగురు నిలబడి ఉన్నారు. సోమల నుంచి వచ్చిన ఒక రైతు ట్యాంకును తట్టి, "ఇది కాంపౌండరయ్య బండి మాదిరి ఉండాదే! ఆ సప్పుడు ఇంటే మా ఊళ్ళో పిలకాయలు సూదికి బయపడి పరిగెత్తేవోళ్ళు" అన్నాడు.

"ఆ బండే. ఆయన అల్లుణ్ణి" అన్నాను.

"బలే సేసినావప్పా. జతనంగా పెట్టుకో. ఇట్లాటియి మల్లా రావు" అన్నాడు.

జతనంగా పెట్టుకోవడానికే దాన్ని చెడగొట్టాలని చూస్తున్నానని ఆ పెద్దమనిషికి ఎలా చెప్పను?

పలమనేరు దారిలో నేను చేయకూడనివన్నీ చేశాను. ఎత్తుల్లో గేరు తగ్గించకుండా ఇంజనును ఏడిపించాను. గుంతలు తప్పించలేదు. పలమనేరులో దానికి కాసేపు విశ్రాంతి ఇవ్వాల్సింది పోయి, టీ కూడా తాగకుండా దాటేశాను. మనసులో మాత్రం "చెడిపో తల్లీ, ఒక్కసారి చెడిపో" అని బతిమాలుతూనే ఉన్నాను. అంతలోనే ఒక మలుపులో ఇంజను చప్పుడు సమంగా, గుండ్రంగా వినిపించేసరికి ఒళ్ళు పులకరించింది. ఏం చేసినా సిగ్గులేని మనసు.

వి.కోట దాటి శాంతిపురం వస్తుందనగా బండి రెండు దగ్గులు దగ్గి ఆగిపోయింది. మీరు నమ్మరు, నేను దిగి దానికి దండం పెట్టాను. టెంపో కోసం రోడ్డుకు అటూ ఇటూ చూస్తుంటే, గ్రానైటు పనికి పోతూ బస్సు కోసం నిలబడ్డ ఇద్దరు మనుషులు పరుగెత్తుకుంటూ వచ్చారు.

"ఏమైంది అన్నా?"

"ఇంజను పోయినట్టుంది. పాత బండి కదా, ఇంక కష్టం."

ఒకడు వంగి ట్యాంకు కింద చేయి పెట్టాడు. "యాడ పోయిందన్నా, పెట్రోలు అయిపోయుండాది. రిజర్వులో పెట్టుకోలేదా?" అని నాబు తిప్పి, తనే ఒక్క కిక్కు కొట్టాడు. బండి వెంటనే అందుకుంది. వాళ్ళకు థాంక్స్ చెబుతూ నవ్వాను. ఆ నవ్వు ఎలా వచ్చిందో నాకే తెలుసు.

పదిన్నరకు కుప్పంలో మామ ఇంటి ముందు దిగాను. ఇంట్లో ఎవరూ లేరు, అందరూ చర్చికి వెళ్ళారు. వేపచెట్టు నీడలో బండి పక్కనే కూర్చుని, ఇంత దూరం నన్ను మోసుకొచ్చినందుకు దాని మీద కోపం తెచ్చుకోవడానికి ప్రయత్నించాను. రాలేదు.

పన్నెండు దాటాక అందరూ వచ్చారు, బెంగుళూరు ఆసామి కూడా వచ్చాడు. వెంట ఒక పికప్ వ్యాను తెచ్చుకున్నాడు. కన్నడం కలిసిన తెలుగులో నెమ్మదిగా మాట్లాడే మనిషి. బండి చుట్టూ రెండుసార్లు తిరిగాడు. ట్యాంకు రంగు మీద వేలు పెట్టి, "ఎవరు చేసినారు సార్ ఇది? తుంబా నీట్ వర్కు. బెంగళూరులో గూడా ఇట్లా చేసేవాళ్ళు తక్కువ" అన్నాడు. మూడేళ్ళలో నా పనిని మెచ్చుకున్న మొదటి పనిమంతుడు అతను. అత్తమ్మ వింటోంది, శామ్యూలు వింటున్నాడు. నేను అడుగు ఎత్తు పెరిగాను.

అతను ఎక్కి కిక్కు కొట్టాడు. స్టార్టయింది. గేరు వేసి క్లచ్ వదిలాడు.

బండి వెనక్కి పోయింది.

పోయి పోయి, ఆసామితో సహా పేడదిబ్బలో దిగబడింది. ఒక్క క్షణం ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. తర్వాత శామ్యూలు కడుపు పట్టుకుని నవ్వుతూ కూలబడ్డాడు. "బావా, మూడేండ్లు కష్టపడి దీనికి రివర్స్ గేరు పెట్టినావా?"

నాకు ఆ క్షణమే తెలిసింది. ఇలాంటి పాత ఇంజన్లో నిప్పురవ్వ పడాల్సిన దానికంటే మరీ ముందు పడితే, ఒక్కోసారి ఇంజను ఎదురు తిరుగుతుంది. అప్పుడు ముందు గేరు వేసినా బండి వెనక్కే పోతుంది. రవ్వ పడే సమయాన్ని పట్టి ఉంచే ప్లేటుకు ఒక స్క్రూ ఉంటుంది. దాని కింద వాషరు వేయడం మరిచిపోయాను. దారంతా నేను పెట్టిన బాధకు అది వదులై, ప్లేటు జరిగింది. స్క్రూడ్రైవరు ఉంటే పది నిమిషాల పని. స్క్రూడ్రైవరు నా జేబులోనే ఉంది.

నేను చేయాల్సిందల్లా నోరు మూసుకోవడం. ఆసామి ప్యాంటు దులుపుకుంటున్నాడు. మామ "పోనీలే, నడవదని తేలిపాయ" అంటున్నారు. బండి నాదైపోయినట్టే. ఎస్తేరు వరండాలో నిలబడి నా వైపే కళ్ళార్పకుండా చూస్తోంది. ఆ చూపుకు అర్థం నాకు అప్పుడు తెలియలేదు.

ఆసామి వ్యాను వైపు నడుస్తూ శామ్యూలుతో అన్నాడు. "రంగు బాగుంది. ఇంజను మాత్రం ఎవరో పని తెలియనివాళ్ళు విప్పినారు."

పని తెలియనివాళ్ళట! ఇడ్లీ పాత్రలో ఆవిరి పట్టించి, మీగడ పక్కన బేరింగు పెట్టి, మండీలో లెక్కలు రాస్తూ కూడా కార్బురేటరు గురించే ఆలోచించిన నన్ను!

"ఒక్క పది నిమిషాలు ఆగండి సార్" అన్నాను.

ఎలా కూర్చున్నానో, మూత ఎప్పుడు విప్పానో గుర్తులేదు. ప్లేటు సరిచేసి, శామ్యూలు బండి నుంచి ఒక వాషరు పీకి వేసి బిగించాను. చేస్తున్నంతసేపూ ప్రతి మెట్టూ ఆసామికి వివరించి మరీ చెప్పాను. లేచి ఒక్క కిక్కు కొట్టాను. బండి ఇంటి చుట్టూ మూడు సార్లు ముందుకే తిరిగింది. ఆసామి నా చేయి పట్టుకుని ఊపాడు. ఆ తర్వాత శామ్యూలు చేతిలో డబ్బు పెట్టాడు.

వ్యానులోకి ఎక్కిస్తుంటే మామ ట్యాంకు మీద చేయి వేసి నిలబడ్డారు. "నా కాడ ఉన్నెప్పుడు గూడా ఇంత బాగుండ్లేదప్పా ఇది" అన్నారు. మామ ముఖంలో బోరు బాధ తగ్గింది, అది చూసి నాకూ కొంచెం ఊరటగానే ఉంది. అయినా వ్యాను కదిలాక మలుపు దాకా దాని వెనకే నడిచాను. అత్తమ్మ రాగి సంగటి, నాటుకోడి పులుసు పెట్టింది. ఏడుస్తూ తిన్నా అది రుచిగానే ఉంటుందని చెప్పగలను.

నాలుగు గంటలకు కుప్పం బస్టాండులో మదనపల్లె బస్సు ఎక్కాం. ఆడవాళ్ళకు టికెట్ లేదు కాబట్టి ఎస్తేరు ఆధార్ కార్డు చూపించి ఊరుకుంది, నేను డబ్బిచ్చి టికెట్ కొనుక్కున్నాను. ఒళ్ళో హెల్మెట్ పెట్టుకుని బస్సులో కూర్చున్నవాణ్ణి కండక్టరు రెండుసార్లు తిరిగి చూశాడు.

"బండి యాడబ్బా?" అన్నాడు.

"బాగైపోయింది" అన్నాను. అతనికి అర్థం కాలేదు.

శాంతిపురం దాటిందాకా ఎస్తేరు కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చుంది. తర్వాత ఇటు తిరిగి, "పొద్దున చర్చిలో నేనేం ప్రార్థన చేసుకున్యానో తెల్సా?" అంది.

"బోరులో నీళ్ళు పడాలని."

"అది మా అమ్మ చేసుకునింది. బండి నడవకూడదని చేసుకున్యాను నేను." నా ఒళ్ళోని హెల్మెట్ తీసి తన ఒళ్ళో పెట్టుకుంది. "సిన్నప్పుడు ఆ ట్యాంకు మీద కూసోనే బడికి పోయినాను. మూడేండ్లు హాల్లో గ్రీజు యాల ఓర్సుకుంటి అనుకున్యావు?"

"ముందే చెప్పొచ్చు గదా!"

"చెప్పలేదా? నడవలేదని చెప్పెయ్యమని నీకు చెప్పలేదా? నాయన బోరు కోసం అమ్ముతాంటే అమ్మొద్దని నా నోటితో యెట్ల అనేది?" కొంగుతో ముక్కు తుడుచుకుంది. "దేవుడు నా మాట ఇన్న్యాడు. బండిని ఎనక్కి గూడా నడిపించినాడు. నువ్వు స్క్రూడ్రైవరు తీసుకోని పోయి దేవుడు చేసిందాన్ని రిపేరు చేసి పెడితివి."

పలమనేరు వచ్చేదాకా ఆమె చేయి పట్టుకుని కూర్చున్నాను. ఆమె విడిపించుకోలేదు, అదొక్కటే నయం.

ఈ దారిన వెళ్ళదలచుకున్నవాళ్ళ కోసం చివరిగా రాస్తున్నాను. మదనపల్లె నుంచి కుప్పం దాకా రోడ్డు బాగుంది. పుంగనూరులో దోసె బాగుంది. బండి కూడా చాలా బాగుంది, తలచుకుంటే ఏడుపొచ్చేంత బాగుంది.