నేను పీకేసిన నువ్వు మొక్కలు

ముషైరిబ్ మెట్రో మెట్లెక్కి బయటికి వచ్చేసరికి, ఎవరో నువ్వులద్దిన రొట్టె అప్పుడే పొయ్యిలోంచి తీసినట్టున్నారు. వేగిన నువ్వుల వాసన తగిలితే నాకు కాలు ఒకచోట నిలవదు. ఆకలి కాదు. ఆ వాసనతో డాక్టర్ ఇహ్సాన్ గుర్తొస్తుంది, ఆమెతోపాటు నేను చేసిన పనీ గుర్తొస్తుంది. డ్యూటీకి టైమవుతున్నా అక్కడక్కడే రెండుసార్లు తిరిగి గాని కదలలేకపోయాను.

ఆమె సూడాన్ మనిషి. ఈ అరబ్బు దేశానికి ఉత్తరాన, మదీనత్ అల్ షమాల్ దగ్గర ఒక పరిశోధన తోటలో మాకు పెద్ద. దేశదేశాల నువ్వులు తెచ్చి విత్తి, ఏ నువ్వు ఏ నువ్వుకు చుట్టమో ఆకుల్లోని జన్యువులను బట్టి తేల్చడం ఆమె పని. నీళ్ళు పెట్టడం, కలుపు తీయడం నా పని. ఆమె కూడా కుదురుగా నిలిచే మనిషి కాదు. మాట్లాడుతూనే నడిచేది, నడుస్తూనే వంగి ఆకు తిప్పి చూసేది. ఆమె అరబ్బీ నాకు సగమే అర్థమయ్యేది. మిగతా సగం మా కోరుట్ల గౌస్ భాయ్, తోట డ్రైవరు, తెలుగు చేసి చెప్పేవాడు.

చేరిన వారంలోనే, మీ ఊరి నువ్వులు ఏ రంగని అడిగింది. తెల్లవన్నాను.

"అన్ని తెల్లయేనా అని అడుగుతున్నది," అన్నాడు గౌస్ భాయ్.

"అన్ని తెల్లయే. ఒక్క నల్లది దొరకదని చెప్పు."

ఆమె ఏదో అనుకుంటూ ముందుకు నడిచింది. ఏమందని అడిగితే, "అయ్యో పాపం అంటున్నది," అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. మాది జగిత్యాల దగ్గర విత్తనాలు పండించే ఊరు. చేనులో వేరు రకం మొక్క ఒక్కటి కనిపించినా బెరకు అంటాం, పీకి గట్టున పారేస్తాం. తనిఖీకి వచ్చిన ఆఫీసరు కంట బెరకులు పడితే చేనంతా రిజెక్ట్. అందుకే చిన్నప్పటి నుంచి నా కళ్ళకు తేడా వెతకడమే అలవాటు.

తోట చివర రెండు మళ్ళలో ఆమె అమ్మమ్మ ఊరి నువ్వులు ఉండేవి. యుద్ధంలో ఆ ఊరి జనం చెల్లాచెదురయ్యారు. మిగిలిన ఒక్క సంచి గింజలు పాతబడుతున్నాయని మొత్తం విత్తేసింది. మళ్ళీ తెప్పించుకుందామంటే ఆ ఊరికి దారి లేదు. ఇదంతా నాకు తర్వాత తెలిసింది.

ఒక గురువారం ఆమె లుసైల్ ఆఫీసుకు వెళ్ళింది. ఆదివారం వచ్చి ఆకులు కోస్తానంది, పై ఆఫీసర్లు కూడా చూడటానికి వస్తారంది. ఆ మళ్ళు చూస్తే నాకే సిగ్గేసింది. ఒక మొక్క నిటారుగా ఉంటే ఇంకోటి కొమ్మలేసింది, ఒకదాని పువ్వు తెలుపైతే ఇంకోదానిది గులాబీ. పాపం, ఈమె మాట పోతుందని రెండు రోజులు ఎండలో వంగి తేడాగా ఉన్నదాన్నల్లా పీకేశాను. ఎవరూ చెప్పలేదు. మంచి చేస్తున్నాననే అనుకున్నాను.

ఆదివారం ఆమె మడి దగ్గరికి వచ్చి ఆగిపోయింది. ఆమె కదలకుండా నిలబడటం నేను చూసింది అప్పుడే.

"ఎవరు?"

"నేనే తీసిన డాక్టర్. ఒక్క తీరుగ ఉండాలె గదా."

గౌస్ భాయ్ దాన్ని అరబ్బీలో చెప్పలేక నా వంక చూశాడు. చెప్పనవసరం లేకపోయింది. ఆమె "యల్లా" అని, పదండన్నట్టు చెయ్యూపి చెత్త కుప్పవైపు పరిగెత్తింది. ముగ్గురం మోకాళ్ళ మీద కూర్చుని ఏరాం. వాడిన ఆకులు పరీక్షకు పనికొచ్చాయి. లేత కాయలు నీడన ఆరబెట్టి విత్తితే ఒక్క గింజా మొలవలేదు.

"ఊరికి పోయే నీ టికెట్ కొట్టేసినట్టే భాయ్," అన్నాడు గౌస్ భాయ్. కొన్ని వారాలు, ఎప్పుడు పంపేస్తారో అనుకుంటూనే మళ్ళకు నీళ్ళు పెట్టాను.

చివరికొక రోజు కంప్యూటర్ ముందుకు పిలిచింది. తెర మీద మొక్కకొక సన్నని గీత, దాని జన్యువులను బట్టి రంగు. నేను ఉంచినవన్నీ పచ్చగా ఉన్నాయి. పీకేసిన వాటిలో పచ్చతోపాటు ఎరుపు కలిసి ఉంది. ఆ ఎరుపు ఎక్కడిదని అడిగాను.

"తెలువదంట," అన్నాడు గౌస్ భాయ్. "ఆమె దగ్గరున్న ఏ దేశం నువ్వులల్ల లేదంట. మొక్క బతికుంటే ఎండకు ఆగుతదో, తెగులుకు ఆగుతదో చూసేదాన్ని అంటున్నది."

"నన్ను పంపిచ్చేస్తరా?"

ఆమె తన రిపోర్టు చూపించి ఒక వాక్యం కింద వేలు పెట్టింది. గౌస్ భాయ్ మెల్లగా చదివాడు. మడి ఎందుకు వేశానో పనివాళ్ళకు చెప్పలేదు, తప్పు నాది అని రాసుంది. నాకు ఏడుపొచ్చింది. మర్నాడు ఆమె నా చేతిలో ఎర్ర దారపు ఉండ పెట్టింది. మెషిన్‌కు నెల పట్టేది నీ కంటికి నిమిషంలో దొరుకుతుంది, ఇకనుంచి తేడా కనబడితే పీకకు, దారం కట్టు అంది. ఆమె వెళ్ళిపోయేదాకా అదే నా డ్యూటీ. ఇప్పుడు ఎక్కడుందో తెలియదు. నేను లుసైల్‌లో మొక్కలన్నిటినీ ఒకే ఎత్తుకు కత్తిరించే కంపెనీలో పడ్డాను.

పోయిన శుక్రవారం తమ్ముడు వీడియో కాల్ చేసి మా విత్తన నువ్వుల చేను చూపించాడు. "చూడే అన్నా, బెరకులు మొత్తం తీసేసిన. ఇగ ఆఫీసర్ వచ్చినా ఫికర్ లేదు."

ఎందుకు తీశావని ఎలా అంటాను? ఆ చేను మీదే వాళ్ళ బతుకు. మంచిగుందిరా అన్నాను. కానీ ఊరుకోలేకపోయాను.

"పీకినయి ఏడ పారేసినవ్?"

"గట్టు మీద. ఎందుకే?"

"ఒక్కొక్కటి చూపియ్యిరా."

"అన్ని వాడిపోయినయ్ అన్నా."

"అయినా చూపియ్యి."