పడుగు పక్కన పడుకున్న కుక్క

బెంగళూరులో మా చెల్లెలి కూతురు ఒక కుక్కను పెంచుతోంది. పోయిన వేసవిలో వాళ్లింటికి వెళ్తే, ఒక సాయంత్రం నన్ను కూడా కుక్కల పార్కుకు తీసుకెళ్లింది. చుట్టూ కంచె, లోపల పచ్చగడ్డి. అందరూ తమ కుక్కల గొలుసులు విప్పి వదిలేసి, బెంచీల మీద కూర్చుని ఫోన్లు చూసుకుంటున్నారు. ఇదంతా ఎందుకమ్మా అని అడిగాను. "నలుగురిలో మెలగడం అలవాటవుతుంది పెద్దమ్మా, సోషలైజ్ అవుతాయి" అంది. ఒక చిన్న నల్లకుక్క బెంచీ కింద దూరి వణుకుతోంది. దాన్ని బయటికి లాగాలని ఒక పెద్దకుక్క కాలితో గీరుతోంది. ఆ పెద్దకుక్క యజమాని నవ్వుతూ చూసి, "ఆడుకుంటున్నాయిలెండి" అన్నాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. ఆ మాట, ఆ నవ్వు నాకు కొత్త కాదు. నలభై ఏళ్లు దాటినా ఆ కోపం చల్లారలేదు. చల్లారాలని నేను కోరుకోవడమూ లేదు.

మాది ధర్మవరంలో పట్టుచీరలు నేసే వీధి. డెబ్బైల చివర్లో నాకు పదిహేను పదహారేళ్లు. నాయన మగ్గం గుంతలో కూర్చుని నేస్తుంటే నేను పక్కన పట్టుదారం కండెలకు చుట్టేదాన్ని. మా వీధిలో పొద్దు పొడవకముందే పని మొదలయ్యేది. చీర నిడివికి నడిచే పోగులన్నిటినీ పడుగు అంటారు. ఎండ ముదిరి గాలి లేవకముందే ఆ పడుగును వీధి పొడవునా, గుంజ నుంచి గుంజకు చాచి కట్టి, చిక్కులు తీసి, తెగిన పోగులు అతికేవాళ్లు. ఆ వేళలో పిల్లలు పరుగెత్తకూడదు. గొర్రెలు అటు రాకూడదు. సైకిలు మీద వచ్చినవాడు దిగి, గోడ వెంబడి నడిపించుకుంటూ పోవాలి.

కుక్కలు కూడా అంతే. మా వీధిలో కుక్కలకు కొదవ లేదు, కానీ పడుగు చాచి ఉన్నంతసేపు ఒక్కటీ లేచేది కాదు. అవేమీ పుట్టుకతో అంత బుద్ధిమంతులు కావు. కుక్కపిల్ల గంజి తాగడం మొదలుపెట్టగానే దాన్ని తెచ్చి గుంజకు చిన్న తాడుతో కట్టేసేవాళ్లు. పక్కన ఒక పెద్దకుక్కను పడుకోబెట్టేవాళ్లు. పిల్ల గింజుకుంటుంది, కుయ్యోమంటుంది, పెద్దదాని చెవి కొరుకుతుంది. పెద్దది కదలదు. మరీ మితిమీరితే ఒక్కసారి గుర్రుమంటుంది, అంతే. రోజులు గడిచేకొద్దీ పిల్ల కూడా గడ్డం నేలకు ఆనించడం నేర్చుకునేది. తర్వాత తాడుతో పని లేదు. ఎవరో ఒకరు, కదలకుండా పడుకోమని, "గమ్మున పండు" అంటే చాలు.

పిల్లల పక్కన పడుకునే ఆ పెద్దకుక్క మాదే. పేరంటూ పెట్టలేదు. ఎర్రగా ఉండేది కాబట్టి ఎర్రది. వీధిలో సగం కుక్కలు దాని పక్కన పడుకుని బుద్ధి నేర్చుకున్నవే. ఇంకో కట్టుబాటు కూడా ఉండేది. పడుగు తెంపిన కుక్క ఇక ఆ వీధిలో ఉండకూడదు. ఎవరిదైనా సరే, దూరంగా తీసుకెళ్లి వదిలి రావాలి. ఎర్రది ఉన్నన్నాళ్లూ ఆ కట్టుబాటుతో ఎవరికీ అవసరం పడలేదు.

మాకు పట్టు ఇచ్చి చీరలు తీసుకునే షావుకారు బెంగళూరు నుంచి ఒక జాతికుక్కను తెప్పించాడు. అది పిల్లగా ఉన్నప్పుడే వచ్చింది. మిద్దె మీద గొలుసుకు కట్టేశారు. అక్కడే తిని, అక్కడే పెరిగి, దూడంత అయింది. ఇంకో కుక్క మొహం చూసి ఎరగదు. అన్నం పెట్టే మనిషినే కరిచింది. అప్పుడు షావుకారు బావమరిది బెంగళూరు నుంచి వచ్చి, అక్కడ పెద్దవాళ్లు కుక్కలన్నిటినీ ఒక మైదానంలో కలిపి వదులుతారని, వాటంతట అవే సావాసం నేర్చుకుంటాయని చెప్పాడు. షావుకారుకు ఆ మాట నచ్చింది. ఆయనకు మైదానం ఎందుకు, మూతపడిన నూనె మిల్లు ఉంది, దానికి నిలువెత్తు ప్రహరీ ఉంది. కుక్కలు మా దగ్గర ఉన్నాయి.

మా వాకిట్లోకి వచ్చి నిలబడ్డాడు. "ఏమప్పా, సాయంత్రం నీ ఎర్రదాన్ని మిల్లు కాడికి పట్టుకోని రా. పిల్లలకు బుద్ధి చెప్తాదంట గదా, మా దానికీ చెప్పనీ."

నాయన తల ఊపాడు. ఆయన పోయాక నేను నాయన మీద విరుచుకుపడ్డాను. "వద్దు నాయనా. అది కుక్కా, పులా? ఎర్రదాన్ని సంపుతాది."

"ఆయప్ప పట్టు ఇయ్యకపోతే మగ్గం యాడ ఆడతాది పాపా?" అన్నాడు నాయన. మా అమ్మ మింగలేక కక్కలేక పొయ్యి ముందు కూర్చుంది.

సాయంత్రం వీధిలోని కుక్కలన్నిటినీ మిల్లు ఆవరణలోకి తోలారు. షావుకారూ బావమరిదీ కుర్చీలు తెప్పించుకుని మెట్ల మీద కూర్చున్నారు. మేమంతా గోడ పక్కన నిలబడ్డాం. గేటు మూసి, జాతికుక్క గొలుసు విప్పారు.

మిగతా కుక్కలు గోడల వైపు చెదిరిపోయాయి. ఎర్రది పారిపోలేదు. పక్కకు తిరిగి, తోక దించి, మొహం తిప్పుకుని నిలబడింది. కుక్కల మర్యాద అది. నీతో నాకు పేచీ లేదని చెప్పడం. ఆ మర్యాద తెలియాలంటే ఎదుటిది కూడా ఎవరి పక్కనో పెరిగి ఉండాలి కదా! మిద్దె మీద పెరిగినదానికి ఏం తెలుసు? వచ్చి మీద పడింది. అందరూ అరిచారు. నాయన కూడా అరిచాడు. భయంలో నోటికి ఏ మాట అలవాటో ఆ మాటే వచ్చింది.

"గమ్మున పండు!"

ఎర్రది పడుకుంది. ఆ దవడల కింద, పడుగు పక్కన పడుకున్నట్లే, గడ్డం నేలకు ఆనించి పడుకుంది. కళ్లు మాత్రం నాయన మీదే ఉన్నాయి. మెట్ల మీద నుంచి షావుకారు నవ్వుతూ అన్నాడు: "సూడప్పా, ఎట్ల ఆడుకుంటాండాయో!" పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం.

తడి గోనెపట్టా మీద కప్పి ఇద్దరు మనుషులు ఆ కుక్కను ఊడలాగేసరికి ఎర్రదాని చెవి చీలిపోయింది, వెనకకాలు నెత్తురోడుతోంది. "మొదట్లో అట్లే ఉంటాది. రెండు దినాలైతే దోస్తులైతాయి" అన్నాడు బావమరిది. వాడి మొహాన ఉమ్మాలనిపించింది. ఇప్పటికీ అనిపిస్తుంది. ఇంటికి తెచ్చి అమ్మ పసుపు అద్దుతుంటే ఎర్రది మూలగను కూడా మూలగలేదు.

కుంటుతూ నడిచే స్థితికి వచ్చాక మళ్లీ వీధిలోకి వచ్చింది. ఆ రోజు పడుగు మాదే. గుంజకు ఒక కొత్త పిల్లను కట్టేశారు, ఎర్రది వచ్చి ఎప్పటిలాగే దాని పక్కన పడుకుంది. నేను పోగులు అతుకుతున్నాను. షావుకారు పనిమనిషి జాతికుక్కను గొలుసుతో పట్టుకుని వీధి మొదట్లోకి వచ్చాడు. అది మొరిగింది. ఎర్రదాని ఒళ్లంతా వణకడం నాకు కనిపించింది. దూరం నుంచి నాయన ఆ మాటే అన్నాడు.

"గమ్మున పండు."

మిల్లులో ఆ మాట విని పడుకుంటే ఏమైందో ఎర్రదానికి తెలుసు. లేచి పరుగెత్తింది. పడుగులోంచి, పట్టుపోగులు తెగి మెడకూ కాళ్లకూ చుట్టుకుంటుంటే, ఈ కొస నుంచి ఆ కొసకు పరుగెత్తింది. తాడుతో ఉన్న పిల్ల కేకలు పెట్టింది.

షావుకారు వచ్చాడు. "నేను ముందే అంటిని. మీ కుక్కలకు నలుగుర్లో ఉండేది తెలీదు." చివరికి మా వీధి పెద్దమనిషి నోరు తెరిచాడు. "పడుగు తెంపిన కుక్క ఈడ ఉండకూడదు. అందరికీ ఒకటే న్యాయం." ఆయన వాకిట్లో అప్పుడు పడుకుని ఉన్న రెండు కుక్కలకూ బుద్ధి చెప్పింది ఎర్రదే. నేను గట్టిగా అరిచాను. "దాన్ని తీసకపోయి కరిపించింది మీరే గదా! ఆ మిద్దె మీద దానికి లేదా న్యాయం?" ఎవరో ఆడపిల్లకు నోరెక్కువైందన్నారు. నాయన నా చెయ్యి పట్టుకుని ఇంట్లోకి లాక్కొచ్చాడు. మర్నాడు తాడిపత్రి వైపు పోయే లారీలో ఎర్రదాన్ని ఎక్కించుకుని, యాడికి అనే ఊరి దగ్గర పల్లెలో ఉండే మా మేనత్త ఇంట్లో వదిలి వచ్చాడు. జాతికుక్క మళ్లీ మిద్దె ఎక్కింది. దాని గురించి ఏ పెద్దమనిషీ ఏమీ మాట్లాడలేదు.

కాబట్టి నన్ను ఎవరూ కుక్కల పార్కు మంచిదా కాదా అని అడగొద్దు. సావాసం అంటే అన్నిటినీ ఒకచోట తోసి తలుపు వేయడం కాదు. తెలిసినదాని పక్కన తెలియనిదాన్ని కూర్చోబెట్టి ఓపిక పట్టడం. ఆ ఓపిక లేనివాళ్లే గేటు మూసి, కుర్చీ వేసుకుని, ఆడుకుంటున్నాయంటారు. దెబ్బ తగిలేది ఎప్పుడూ మర్యాద తెలిసినదానికే.

వేరుశనగ పంట ఇంటికొచ్చే కాలంలో నాయనా నేనూ అత్తను చూడటానికి వెళ్లాం. ఎర్రది బతికే ఉంది, బాగా చిక్కిపోయింది. మధ్యాహ్నం అత్త చీర ఉతికింది. ఆరబెట్టడానికి చెరో కొసా పట్టుకుని ఇద్దరం ఎదురెదురుగా నిలబడ్డాం. చీర గాలికి బారుగా సాగింది. కొట్టం వెనక నుంచి ఎర్రది కుంటుకుంటూ వచ్చింది. చీరను చూసి ఆగింది. తర్వాత దాని పొడవునా పక్కకు వచ్చి, గడ్డం నేలకు ఆనించి పడుకుంది. ఎవరూ ఏమీ చెప్పలేదు.

"ఇదేందిమ్మే, నేను చీర ఆరేసినప్పుడంతా ఇట్లే వచ్చి పండుకుంటాది" అంది అత్త.

అరుగు మీద నాయన కూడా చూస్తున్నాడు. చీర ఆరిపోయినా నేను కొస వదలలేదు. "తోలుకోని పోదాం నాయనా. సూడు, ఏమీ మర్చిపోలే."

"వీధి ఒప్పుకోదు పాపా."

"ఆ వీధికి ఎవురు చెప్పల్ల బుద్ధి?"

నాయన కండువా దులుపుకుని లేచాడు. మేము బయలుదేరితే ఎర్రది మా వెనకే రోడ్డుదాకా వచ్చింది. అత్త పిలిచినా తిరిగి పోలేదు. దూరంగా బస్సు దుమ్ము కనిపించింది. నాయన వెనక్కి తిరిగాడు. చేతిలో కర్ర లేదు, రాయి లేదు. ఆ మాటే ఉంది.

"గమ్మున పండు" అన్నాడు.

ఎర్రది రోడ్డు పక్కన పడుకుంది. మేము బస్సెక్కాం. నేను నాయన పక్కన కూర్చోకుండా వెనక సీటుకు పోయాను.