నల్ల ఆకాశానికి ఎన్ని మార్కులు

ఉమ్మడి రాష్ట్రం రోజుల్లో, పద్మారావు నగర్‌లో నేను తెలుగు చెప్పిన బడిలో, డ్రాయింగ్ మాస్టారికి బొమ్మ నచ్చలేదంటే చెక్క స్కేలు లేచేది. కారణమంటూ ఉండేది కాదు. ఒకరోజు ఏనుగు లావుగా ఉందని కొట్టేవాడు, మర్నాడు బక్కగా ఉందని. స్కేలు అంచుతో వేళ్ల కణుపుల మీద వేసేవాడు. పక్క గదిలో ఉన్న నాకు ఆ చప్పుడు వినబడి ఒళ్లు మండిపోయేది. ఆదివారం అదే మనిషి మా చర్చిలో కళ్లు మూసుకుని పాటలు పాడేవాడు.

కొట్టొద్దంటే వినే రకం కాదు. అందుకని కారణం అడిగి ఆ చేతికి కళ్లెం వేద్దామనుకున్నాను. పిల్లల పాత బొమ్మలు ముందేసుకుని, బొమ్మకు మార్కులు వేసే పట్టిక ఒకటి తయారుచేశాను. పొందిక, గీత, రంగు, సొంత ఊహ. గడికి ఐదు మార్కులు. తగ్గించిన ప్రతి మార్కుకూ ఎందుకో రాయాలి. మొదట 'అందం' అని కూడా ఒక గడి పెట్టి, అది మళ్లీ ఆయన ఇష్టమే అవుతుందని తీసేశాను. హెడ్‌మిస్ట్రెస్ అన్ని తరగతులకూ వాడమన్నారు.

"బాగుందండీ, ఇక నన్నెవరూ అన్యాయం అనరు" అన్నాడు మాస్టారు.

అప్పుడే నాకు అనుమానం రావలసింది. తగ్గిన మార్కుకొక దెబ్బ చొప్పున, ఏ గడికి ఎన్నో చదివి మరీ కొట్టడం మొదలుపెట్టాడు.

బన్సీలాల్‌పేట్ నుంచి ఒక పిల్ల వచ్చేది. చూసింది చూసినట్టు గీసేది బడి మొత్తంలో తనొక్కతే. వాళ్ల బస్తీలో చెత్త తగలబెడితే పొగకు ఆకాశం నల్లబడుతుంది. నల్లగానే వేసింది. రంగుకు సున్నా, ఐదు దెబ్బలు, పైగా బొమ్మ దిద్దాలి. వాచిన చేతిని చంకలో పెట్టుకుని నా దగ్గరికొచ్చింది.

"టీచర్, ఆకాశం నీలం వేస్తే రంగు గడి దెబ్బలు పడయి గద?"

ఎందుకు కొట్టాడని అడగలేదు. నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి.

మరుసటి డ్రాయింగ్ పీరియడ్‌లో నేరుగా ఆ గదిలోకి వెళ్లాను. మాస్టారు ఇంకో పిల్ల వేళ్లు పట్టుకుని "గీతకు మూడు" అంటున్నాడు. స్కేలు లాక్కుని, ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి ఆయన మణికట్టు మీద కొట్టాను. మళ్లీ కొట్టాను. స్కేలు విరిగింది. చర్మం చిట్లి నెత్తురు కారింది. "ఏం చేస్తున్నారండీ మీరు" అంటూ కుర్చీలో కూలబడ్డాడు. ఆ దెబ్బలకు నాకు ఇప్పటికీ విచారం లేదు.

క్లాసంతా బిగుసుకుపోయింది. బన్సీలాల్‌పేట్ పిల్ల మాత్రం తల వంచుకుని, నల్ల ఆకాశం మీద నీలం క్రేయాన్ రుద్దుతోంది. నీలం అంటుకోక అంతా బురదలా అయింది. పక్కన కూర్చుని చెయ్యి పట్టుకున్నాను.

"చాలమ్మా. ఇంక ఆయన కొట్టడు. నీకెట్లా కనబడితే అట్లా వెయ్యి."

నా చేతిలో ఇంకా ఉన్న స్కేలు ముక్కను చూసి, మెల్లగా చెయ్యి విడిపించుకుంది.

"మీరు సుత కొడతరు గద టీచర్" అని, మళ్లీ నీలం రుద్దసాగింది.