నా ఆదివారం

గోవాడ దగ్గర బస్సులోకి చెరకు పిప్పి వాసన రాగానే నా ఎనిమిదో ఏడు గుర్తొచ్చింది. అమ్మా నాన్నా విడాకులు తీసుకున్నాక, ఆదివారాలు నేను గోవాడలో నాన్న దగ్గర, మిగతా రోజులు చోడవరంలో అమ్మ దగ్గర ఉండాలని పెద్దలు కూర్చుని నిర్ణయించారు. నాన్న మళ్లీ పెళ్లి చేసుకున్నావిడ కూతురు లత మాత్రం రోజూ నాన్న బండి మీదే మా బడికి వచ్చేది. చూసి కుళ్లుకునేదాన్ని.

ఓ ఆదివారం నేను వెళ్లేసరికి లత సంచి పట్టుకుని గుమ్మం దిగుతోంది. దాని జడ పట్టి లాగాను.

"ఒసే, మా నాన్న బండెక్కకు!"

"నువ్వొస్తన్నావనే కదా ప్రతి ఆదివారం నన్ను అమ్మమ్మింటికి పంపేస్తన్నారు! సెలవురోజు నాన్నతో నేనెప్పుడాడుకోవాలి, సెప్పు?" అంది ఏడుస్తూ.

నాకు జాలి కలగలేదు, సంబరమే కలిగింది. నా గురించి అంతసేపు మాట్లాడుకున్న పెద్దలు, లతను ఒక్క మాటైనా అడిగి ఉండరని ఇన్నేళ్లకు అనిపిస్తోంది.