చేతి జెండా

రోడ్డు పనిలో ఆమెకి ఇరవయ్యారేళ్లు, అందులో పద్నాలుగేళ్లు మేస్త్రీగా. ఊరి బడిలో ఐదో తరగతితో ఆపేసిన ఆడమనిషికి ఆ పదవి దక్కిందంటే ఆషామాషీ కాదు. ఏటి వంతెనకి ఇటూ అటూ పదకొండు మైళ్ల రోడ్డు ఆమెదే. ఎనిమిది తూములు దగ్గరుండి కట్టించింది. రెండు వరదలకి ఎదురు నిలిచి వంతెన తెగకుండా కాపాడింది. ఆమె కింద పనిచేసిన కూలీ ఒక్కడు కూడా బండి కింద పడలేదు. పెద్ద ఇంజనీరంతటివాడు కుర్చీలోంచి లేచి "రండి మేస్త్రమ్మా" అన్నాడు. ఇవన్నీ ఆమే చెప్పుకునేది, అడిగినా అడక్కపోయినా. చెప్పుకోదగ్గవే గనక ఎవరూ కాదనలేదు.

ఆమెకి ఒక్కడే తమ్ముడు. రోజూ తెల్లవారగానే నీలం వ్యాను నిండా రొట్టెలు వేసుకుని ఆ వంతెన మీదుగానే పోతాడు. అక్క కనిపిస్తే హారను కొట్టి, "మేస్త్రమ్మగారూ, తమరి రోడ్డు మీద పోవచ్చా?" అని కేకేస్తాడు.

"నీ మొహానికి రోడ్డు కూడానా! మెల్లిగా పోరా."

ఆ చలికాలం పొద్దున కూడా ఆ మాటే అంది. పొగమంచు కళ్లకి గంతలు కట్టినట్టుంది. వంతెన మీద నీరు గడ్డకట్టి గాజుపలకలా మెరుస్తోంది. మేస్త్రమ్మా, ఇద్దరు కూలీలూ బళ్లు జారకుండా ఉప్పు కలిపిన ఇసుక చల్లుకుంటూ వస్తున్నారు. ఇంకా సగం కూడా కాలేదు. తమ్ముడు మెల్లిగానే పోయాడు. ఎదురుగా వచ్చిన లారీ జారి అడ్డం తిరిగింది. వ్యాను దాన్ని గుద్దింది. వెనకే పోతున్న రెండు కార్లు వ్యానుని గుద్దాయి. యాభై అడుగుల దూరంలో ఆ నీలం తలుపు కాగితంలా నలగడం మేస్త్రమ్మ కళ్లారా చూసింది.

 కాళ్లు రెండడుగులు అటే వేశాయి. అంతలో ఆగిపోయింది. ఈ మంచులో ఇప్పుడు పడిన దెబ్బ కన్నా వెనక నుంచి వచ్చే బండి తగిలించే దెబ్బే పెద్దది.

"పొడుగోడా, నువ్వు అటు చివరికి పరిగెత్తు, జెండా తీసుకుని! బావా, నువ్వు బళ్ల దగ్గరికి. ముందు ఫోను చెయ్. ఇంజన్లు ఆపించు. నడవగలిగినవాళ్లని గట్టు మీదకి పంపు, అక్కడ నిలబడి తగువులాడుకోనివ్వకు. ఇరుక్కున్నవాళ్లని లాగకు. ఏదైనా కప్పు, మాట్లాడుతూ ఉండు."

బావ అనేది రెండో కూలీకి అందరూ పెట్టిన పేరు. "మరి తమ్ముడుగారు..." అని నసిగాడు.

"పోరా!"

ఎర్ర జెండా, దీపం పట్టుకుని ఆమె వెనక్కి పరిగెత్తింది. కారులోంచి దిగిన ఒకాయన, "ఇక్కడ మనుషులు చస్తుంటే మేస్త్రీ కాళ్లకి బుద్ధి చెప్పింది చూడండి!" అని అరిచాడు. ఆమెకి వినపడింది. మూడు వందల అంగలు లెక్కపెట్టుకుని నిలబడింది. అప్పుడే మంచులోంచి బస్సు దూసుకొచ్చింది. దీపం ఊపింది. అది కీచుమంటూ జారి, ఆమెకి పది అడుగుల దూరంలో ఆగింది. నిండా జనం. దాని వెనక మరో కారు.

"ఏయ్ ముసలమ్మా, చావడానికి మా బళ్లే దొరికాయా?" అన్నాడు కారులోవాడు.

"నీకు చావాలనుంటే చెప్పు నాయనా, పక్కకి తప్పుకుంటా."

సంగతి తెలిసి బస్సు డ్రైవరు దిగొచ్చాడు. పెద్దవాడు, నిదానస్తుడు. "మీవాళ్లెవరైనా ఉన్నారా అందులో?"

"మా తమ్ముడు."

"జెండా ఇలా ఇవ్వమ్మా. నేను నిలబడతా. నువ్వెళ్లు."

ఇరవయ్యారేళ్లలో ఆ జెండా పరాయి చేతికి ఇచ్చింది లేదు. "ఇది మా పని," అంది. పోలీసులు వచ్చేదాకా, నలభై నిమిషాలు అలాగే నిలబడింది. ఇంకో బండి వచ్చి తగల్లేదు. తమ్ముడు ముప్పై నిమిషాలు బతికున్నాడు.

ఆస్పత్రి వరండాలో బల్ల మీద మరదలు ఆమె భుజం మీద తలపెట్టి ఏడుస్తోంది. ఎదురుగా బావ చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"మీరు ఆయన దగ్గరికి వెళ్లలేదటగా వదినా. ఆయన అక్క ఏదీ, అక్క ఏదీ అన్నారట."

"ఆ మంచులో మేస్త్రమ్మకేం తెలుస్తుందమ్మా, ఎవరి బండో," అని బావ అడ్డుపడ్డాడు. కాదనకు అన్నట్టు మేస్త్రమ్మ వైపు చూశాడు.

మరదలు తలెత్తింది. "తెలీదా వదినా?"

తెలీదంటే సరిపోతుంది.

"తెలుసు. చూసే వెళ్లాను."

"జనాన్ని కాపాడటానికే కదా. మీ బదులు నిలబడేవాళ్లు లేకనే కదా..."

మేస్త్రమ్మ తల అడ్డంగా ఊపింది.

"బస్సు డ్రైవరు నిలబడతానన్నాడు. నేనే ఇవ్వలేదు."

మరదలు ఏడుపు ఆగిపోయింది. పైట సర్దుకుని లేచి, వెళ్లి ఆ చివర బల్ల మీద ఒక్కతే కూర్చుంది.