ఎలుకల గది మదార్ సాహెబ్

కడపలో ఓ ఫార్మసీ కాలేజీ వెనకవైపు ఎలుకల గది ఉంది. పదకొండేళ్ళుగా ఆ గదికి పెద్దదిక్కు మదార్ సాహెబే. సారా వాసనంటేనే గిట్టని మనిషి. అలాంటివాడు రెండేళ్ళుగా రోజూ పొద్దున్నే ఎలుకలకు స్పిరిట్ కలిపిన నీళ్ళు పోస్తున్నాడు. ఏం చేస్తాడు పాపం, ఉద్యోగం! తాగుడు మాన్పించే మందుల్ని ముందు ఎలుకల మీద చూడాలని పరిశోధన చేసే అమ్మాయి స్తుతి చెప్పింది.

నెలల తరబడి తాగించి, ఒకరోజు ఆ సీసాలు తీసేసేవారు. మరునాటికి ఎలుకలు గడగడ వణికేవి. "చప్పుడు చేయొద్దన్నా, ఫిట్స్ వస్తాయి," అనేది స్తుతి. మదార్ చెప్పులు బయటే విడిచి, మునివేళ్ళ మీద నడిచేవాడు. కొత్త మందు పడి ఎలుకలు తేరుకుంటే ఇంటికెళ్ళి మరీ సంబరంగా చెప్పేవాడు.

ఇంత తెలిసిన మనిషికి సొంత తమ్ముడి దగ్గర బుద్ధి ఏ గడ్డి తినబోయిందో!

తమ్ముడు అన్సార్‌ది బండల పాలిష్ పని. పదేళ్ళుగా నిద్ర లేస్తూనే సీసా ఎత్తేవాడు. పోయిన రంజాన్‌కు అన్నే పట్టుబట్టాడు.

"ఈ నెలంతా ముట్టొద్దురా. రోజా ఉండు. అల్లా చూసుకుంటాడు."

అన్సార్ సరేనన్నాడు. నిలబడతాడో లేదోనని మదార్ వాణ్ణి వాడింట్లోనే ఓ గదిలో పెట్టి తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకున్నాడు. తెల్లారుజామున సహరి తిండికీ, పొద్దుగూకాక ఇఫ్తారుకీ తనే వచ్చి తీసేవాడు. రెండో రోజుకే వణుకు పట్టుకుంది.

"అన్నా, చేతులు సూడు, ఎట్ల ఆడతాండాయో! ఒక్క గుక్క ఇప్పియ్యన్నా!"

"నాటకాలాడొద్దు. ఇంకో రెండు దినాలు ఓర్సుకో, అదే పోతాది."

మూడో రోజు మధ్యాహ్నం ఫిట్స్ వచ్చాయి. అన్సార్ భార్య షాహనా ఫోన్ చేస్తే, మదార్ కాలేజీ నుంచి పరుగున వచ్చి తాళం తీశాడు. ఆసుపత్రికి పోతుంటే ఆటోలోనే ప్రాణం పోయింది. రంజాన్ నెలలో పోయాడు, పుణ్యాత్ముడన్నారు అందరూ. తాగుడే తమ్ముణ్ణి తినేసిందనుకున్నాడు మదార్.

మొన్న కొత్త ఎలుకలకు సీసాలు తీశారు. మరునాడు ఒకటి మూలకు ఒదిగి, ముందుకాళ్ళు వణికిస్తోంది. దాన్ని చూస్తూ చూస్తూ మదార్ మేత డబ్బా కింద పడేశాడు.

"అమ్మా, మనుషులకు గూడా ఇట్లే వస్తాదా?"

"వస్తుందన్నా. రోజూ తాగేవాళ్ళని ఒక్కసారిగా మాన్పిస్తే ప్రాణానికే ముప్పు. డాక్టరు దగ్గరుంచి, మందులిస్తూ మాన్పించాలి."

అయ్యో, కళ్ళ ముందున్నది కనబడలేదే! ఆ సాయంత్రమే షాహనా ఇంటికి బయల్దేరాడు. నా చేతులారా చంపుకున్నానమ్మా అని చెప్పేసి, ఆమె ఏం తిట్టినా పడదామనుకున్నాడు. లోపలికి వచ్చి కూర్చున్నాడో లేదో ఆమే మొదలుపెట్టింది.

"బావా, మీకు ఒక మాట సెప్పల్ల. ఆ పొద్దు ఆయన కిటికీ కాడ నిలబడి శానా ఏడ్సినాడు. మనసాగక పక్కింట్లో అడిగి, గలాసులో ఇంత తెచ్చినా. రోజా చెడతాది, మీరు తిడతారని మళ్ళా మోరీ కాలవలో పోసేసినా. ఇంకో గంటకే ఫిట్స్ వచ్చినాయి." ఆమె అతని మొహంలోకి చూసింది. "మంచి పనే చేసినా కదా బావా?"

ఆ గలాసు తాగుంటే తమ్ముడు బతికేవాడేమోనని మదార్‌కు తట్టింది. నిజం చెబితే తన గుండె బరువు తగ్గుతుంది, కానీ అదంతా ఆమె నెత్తిన పడుతుంది.

"మంచి పనే చేసినావమ్మా," అన్నాడు.